ఊరికి కబురు: కామాటిపుర ఉత్తరం నుంచి సెల్‌ఫోను సందేశం దాకా

బొంబాయి నుంచి వచ్చిన కార్డుముక్కలోని సంగతి ఒకప్పుడు తెలంగాణ పల్లెలో అందరికంటే ఆఖరున తెలిసేది, అది ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషికే. పోస్టాఫీసులో ముద్ర కొట్టేవాడికి అక్షరాలు కనిపించేవి. టపా మోసుకొచ్చేవాడికీ కనిపించేవి. చదువు రాని తల్లి చేతికి అందాక ఆ కార్డు పట్వారీ ఇంటికో బడిపంతులు దగ్గరికో మళ్ళీ ప్రయాణం కట్టేది. కొడుక్కి జ్వరం తగ్గిందా, మిల్లులో జీతం ఇచ్చారా, ఎవరి అప్పు ముందు తీర్చమన్నాడు అన్నవి ఆ తల్లి చెవిన పడేసరికి అరుగు మీద కూర్చున్న నలుగురూ వినేసేవారు.

ఆ కార్డుకు రెండో కొస బొంబాయి కామాటిపుర గల్లీలోనో, వర్లీలో కూలీల గదుల భవనమైన చాల్‌లోనో ఉండేది. అక్కడా ఇదే అవస్థ. రాయడం రాని మనిషి, రాయడం వచ్చినవాడి ముందు కూర్చొని తన ఇంటి గుట్టు విప్పుకోవాలి.

సెల్‌ఫోనులో ఏ మెసేజింగ్ యాప్ పెట్టుకోవాలి, దేన్ని నమ్మాలి అన్న ప్రశ్న ఇప్పుడు చాలామందికి కొత్తగా కనిపిస్తోంది. ముంబై తెలుగువాళ్ళకు అది కొత్త కాదు. ఊరు వదిలిన నాటి నుంచి ప్రతి తరమూ మూడు సంగతులు చూసుకుంటూనే వచ్చింది: కబురు ఎవరు మోస్తున్నారు, మధ్యలో ఎవరు చదవగలరు, అవతలి మనిషికి అది వాడడం వస్తుందా.

పల్లపు నేలలో తెలుగు పేట

బొంబాయి మొదట ఏడు దీవుల ఊరు. గవర్నర్ విలియం హార్న్‌బీ పేరుతో పిలిచే అడ్డుకట్ట 1784 ప్రాంతంలో పూర్తయ్యాక సముద్రపు పోటు లోపలికి రావడం తగ్గింది. దీవుల మధ్య బురద పల్లాలు కాలక్రమంలో నివాస భూములయ్యాయి. పెరుగుతున్న ఆ ఊరికి కట్టుబడి పనివాళ్ళు కావలసివచ్చింది. నిజాం రాజ్యం నుంచి తెలుగు కూలీలు, మేస్త్రీలు వలస వచ్చారు. బొంబాయి వాళ్ళను కామాఠీలని పిలిచింది. 18వ శతాబ్ది చివర వాళ్ళు గుడిసెలు వేసుకున్న పల్లపు ప్రాంతానికి వాళ్ళ పేరే స్థిరపడింది.

ఉత్తరాన బెల్లాసిస్ రోడ్డు, దక్షిణాన గ్రాంట్ రోడ్డు, తూర్పున డంకన్ రోడ్డు. ఈ నడుమ అడ్డంగా గీసినట్టుండే వీధులకు పేర్లకంటే అంకెలే ఎక్కువ వాడుక. ఒకటో గల్లీ, ఆరో గల్లీ, పదకొండో గల్లీ. అక్షరాలు రానివాడు కూడా గల్లీ నంబరు, బిల్డింగు నంబరు, ఖోలీ (గది) నంబరు గుర్తుపెట్టుకుంటే చాలు, చిరునామా నోటికి వచ్చేసినట్టే.

ఈ పేటలో కూలీలతోపాటు కాంట్రాక్టర్లూ ఎదిగారు. జోతీరావు ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు, బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్ళలో వ్యంకు బాలాజీ కాలేవార్, జాయా కరాడీ లింగూ వంటి తెలుగు కాంట్రాక్టర్లున్నారు. చదువు లేనివాడు ఎప్పుడూ చదువున్నవాడి చేతిలో కీలుబొమ్మే అన్నది ఫూలే వాదన సారం. ఆ మాట అప్పటి తెలుగు కూలీకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. దస్తావేజు దగ్గరా ఉత్తరం దగ్గరా అతడు రోజూ అనుభవిస్తున్నదే అది.

19వ శతాబ్ది గడిచేకొద్దీ బ్రిటిష్ పాలకులు ఈ ప్రాంతంలో వేశ్యాగృహాలను సాగనిచ్చారు. యూరప్ నుంచి తెచ్చిన స్త్రీలుండే సుక్లాజీ వీధికి సఫేద్ గల్లీ అన్న పేరు వచ్చింది. కాలక్రమంలో కామాటిపుర అంటే దేశమంతటికీ ఒకే అర్థం మిగిలింది. అదే గల్లీల్లో బీడీలు చుట్టుకొని, కట్టుబడి పనులకు వెళ్ళి, పండగలు చేసుకొని బతికే తెలుగు కుటుంబాలకు కవరు మీద ఆ పేరు రాయడమే ఇబ్బందైపోయింది. పెళ్ళి సంబంధాలప్పుడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు పేట పేరే ముందు మాట్లాడేది. ఉత్తరంలో ఏముందో ఎవరికీ తెలియకపోయినా, పైనున్న చిరునామాయే సగం కథ చెప్పేస్తుందని ఈ పేట చాలా ముందే నేర్చుకుంది.

బట్టల మిల్లులు వచ్చాక వలస మరింత పెరిగింది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, నిజామాబాద్ ప్రాంతాల పద్మశాలీలు మగ్గం వదిలి మిల్లు కూలీలయ్యారు. బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో వర్లీ, నాయిగావ్, డిలైల్ రోడ్డు, సేవ్రీల్లో కట్టిన 207 బీడీడీ చాల్ భవనాల్లో తెలుగువాళ్ళకూ చోటు దొరికింది. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి, వరండా ఉమ్మడి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ పల్లెలు తమ వలస దారులను ఒక్క వరుసలో చెప్పుకుంటాయి. ఆ మూడింటిలో మధ్యదే అన్నిటికంటే పాతది.

పావు అణా కార్డు, ఎర్ర ముద్దర మనియార్డరు

రైలు రాకముందు కబురు మనిషి వెంటే వెళ్ళేది. పండక్కి ఊరికి పోయే మేస్త్రీ నలుగురి డబ్బూ పదిమంది మాటలూ మోసుకెళ్ళేవాడు. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం పూర్తయి, బొంబాయి లైనుతో నిజాం రాజధాని కలిసింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1854 అక్టోబరులో, బ్రిటిష్ ఇండియా అంతటికీ ఒకే తపాలా బిళ్ళ, దూరంతో పనిలేకుండా అర్ధణా ఉత్తరం మొదలయ్యాయి. 1879 జూలై 1న పావు అణా పోస్టుకార్డు వచ్చింది. మరుసటి ఏడాది పోస్టాఫీసులో మనియార్డరు. కూలివాడి చేతికి అందే ధరలో కబురూ, డబ్బూ రెండూ కదిలాయి.

అయితే తెలుగు వలసకూలీ రాసే ఉత్తరం ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి పోయేది. నిజాం ప్రభుత్వానికి సొంత టపా ఉండేది. 1869లో సొంత బిళ్ళలు వేసింది. 1871 నాటి బిళ్ళ మీద ఫార్సీ, ఇంగ్లీషు, మరాఠీలతోపాటు తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ బిళ్ళలు నిజాం సరిహద్దు లోపలే చెల్లేవి. బొంబాయికి జవాబు రాయాలంటే బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావాలి. ఈ రెండు టపాలూ 1950 ఏప్రిల్ 1న ఒక్కటయ్యాయి.

బిళ్ళ సంపాదించడం సులువే. చదివేవాణ్ణి సంపాదించడమే కష్టం. 1951 జనగణన నాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యత పది శాతం దాటలేదు. ఉర్దూ మీడియం బడులు, ఉర్దూ కచేరీలు ఉన్న రాజ్యంలో తెలుగు రాతకు దొరికిన చోటే తక్కువ. కాబట్టి భార్యకు మొగుడు రాయదలచుకున్న మాట ముందు చాల్‌లో ఒకరి నోట, తర్వాత ఊళ్ళో ఒకరి నోట దాటి వెళ్ళాలి. అందుకే ఆ ఉత్తరాలన్నీ ఒకే అచ్చులో ఉండేవి. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. అసలు మాట ఎవరైనా ఊరికి పోయేదాకా లోపలే ఉండిపోయేది. ఆ ఉత్తరాల పొడి భాష వెనక ఉన్నది ప్రేమ లేకపోవడం అనుకుంటే పొరపాటు. మూడో మనిషి వింటున్నాడన్న ఎరుక అది.

మనియార్డరు ఫారం అడుగున చిన్న కూపన్ ఉంటుంది. నాలుగు ముక్కలు రాయడానికి చోటు. చాలా ఇళ్ళకు నెలనెలా అందిన ఉత్తరం అదే. డబ్బు మాత్రం వాకిట్లో లెక్కపెట్టి ఇచ్చేవారు, వేలిముద్రకు సాక్షి సంతకం పెట్టేవాడు. ఎంత వచ్చిందో ఊరికి తెలియకుండా ఉండే వీల్లేదు. కొడుకు ఈ నెల తక్కువ పంపాడన్నది కూడా అంతే వేగంగా తెలిసేది.

బొంబాయి వైపు, కోట ప్రాంతంలో 1913లో తెరిచిన జనరల్ పోస్టాఫీసు ఎదుట, పావురాలకు గింజలు వేసే చోటు పక్కన, రాతగాళ్ళు టార్పాలిన్ కింద కూర్చునేవారు. ఫారాలు నింపడం, పార్సెళ్ళు గుడ్డతో కుట్టి లక్క వేయడం, ఉత్తరాలు రాయడం వాళ్ళ వృత్తి. వాళ్ళ దగ్గరికి వచ్చినవాళ్ళలో కామాటిపుర స్త్రీలూ ఉన్నారు. నేను బాగున్నాను, మంచి పని దొరికింది, ఈ డబ్బు పిల్లవాడి చదువుకు అని వాళ్ళు రాయించుకునేవారనీ, తాము ఎక్కడ ఏం చేస్తున్నారో ఒక్క అక్షరం రాయనిచ్చేవారు కారనీ ఆ రాతగాళ్ళు తర్వాతి కాలంలో పత్రికలవాళ్ళకు చెప్పారు. తాము రాసినదాన్ని బయట పెట్టకపోవడమే ఆ రాతగాళ్ళ పరువు. మాట దాటని మనిషి దగ్గరికే జనం మళ్ళీ వెళ్ళేవారు. ఆ స్త్రీలకు గోప్యత అంటే ప్రాణం, ఊళ్ళో పిల్లల భవిష్యత్తు, తిరిగి వెళ్ళగలిగే ఒకే ఒక్క దారి.

అతికించిన కవరు, తెరవగల చట్టం

1950లో నీలిరంగు ఇన్‌లాండ్ లెటరు వచ్చాక పేదవాడికి కూడా మూసిన ఉత్తరం అందుబాటులోకి వచ్చింది. కార్డుకంటే కాస్త ఎక్కువ ధర, కవరుకంటే తక్కువ. మూడు మడతలు, అంచుల్లో జిగురు. బొంబాయి మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు నడపడంతో చాల్ పిల్లలు అమ్మానాన్నలకు ఉత్తరాలు చదివి పెట్టే వయసుకు వచ్చారు. మధ్యలో చదివే చేతులు తగ్గాయి. ఉన్నవి కూడా ఇంటివాళ్ళవే.

కానీ జిగురు అతికించినంత మాత్రాన కవరు తెరవకూడదని రాజ్యం ఎన్నడూ ఒప్పుకోలేదు. 1885 టెలిగ్రాఫ్ చట్టం తంతి సందేశాలను ఆపి చూసే అధికారం ఇచ్చింది. 1898 పోస్టాఫీసు చట్టం 26వ సెక్షన్ ఉత్తరాలకూ అదే వర్తింపజేసింది. స్వతంత్రం వచ్చాక ఆ రెండూ అలాగే కొనసాగాయి. 1986లో ఆ అధికారాన్ని ఇంకా విస్తరిస్తూ పార్లమెంటు ఒక సవరణ బిల్లు ఆమోదిస్తే రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ సంతకం పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. బిల్లు అలమారులోనే ఉండిపోయింది. భారత రాష్ట్రపతి తన వీటో అధికారాన్ని అలా వాడిన సందర్భంగా అది రాజ్యాంగ పాఠ్యపుస్తకాలకెక్కింది. దేశంలో ఉత్తరం గోప్యత కోసం జరిగిన పెద్ద ప్రతిఘటనల్లో అదొకటి. 1898 చట్టం స్థానంలో వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది. అందులోనూ ఉత్తరాలను ఆపి తెరిచే అధికారం ఉంది.

టెలిగ్రాం సంగతి వేరు. దానికి గోప్యతే లేదు. తండ్రికి సీరియస్, వెంటనే బయల్దేరు అన్న మూడు నాలుగు ఇంగ్లీషు మాటలు గుమాస్తా చేతుల్లోంచి వచ్చేవి. చాల్ మెట్ల మీద తంతివాడు కనిపిస్తే ఏ ఖోలీకో తెలియకముందే ఏడుపులు మొదలయ్యేవి. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయింది.

గొంతు వినిపించింది, చెవులూ పెరిగాయి

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. దాదాపు రెండున్నర లక్షల మంది పని మానేశారు. సమ్మె అధికారికంగా ముగిసిందే లేదు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తెలుగు కుటుంబాలు కొన్ని భివండీ మరమగ్గాలకు, కొన్ని సూరత్‌కు, కొన్ని తిరిగి ఊళ్ళకు చెదిరిపోయాయి. ఒకే చాల్‌లో పెరిగిన అన్నదమ్ములు మూడు ఊళ్ళలో పడ్డారు. సరిగ్గా ఆ దశకంలోనే ఎస్‌టీడీ బూతులు వీధి వీధికీ వచ్చాయి.

పసుపుపచ్చ బోర్డు, అద్దాల గది, గోడ మీద గిర్రున తిరిగే ఎర్ర అంకెల మీటరు. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ కాబట్టి అప్పుడే వరుస కట్టేవారు. ఊళ్ళో ఫోను కిరాణా కొట్టులోనో సర్పంచి ఇంట్లోనో ఉండేది. పెళ్ళి కార్డుల మీద ఆ నంబరు పక్కన పీపీ అని అచ్చేసేవారు. పిలిపించండి, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తా అని పెట్టేయాలి. తల్లి పరుగున వచ్చి కొట్టు ముందు నిలబడి గట్టిగా మాట్లాడేది. నూరేళ్ళు దాటాక తల్లికీ కొడుకుకూ మధ్య రాతగాడు లేకుండా మాట నడిచింది. వినేవాళ్ళు మాత్రం ఈ కొసన వరుసలో, ఆ కొసన కొట్టులో అలాగే ఉన్నారు.

టెలిఫోను సంభాషణ రాజ్యాంగం రక్షించే వ్యక్తిగత జీవితంలో భాగమని సుప్రీంకోర్టు 1996లో పీయూసీఎల్ కేసులో చెప్పింది. ట్యాపింగుకు నిబంధనలు పెట్టింది. ఆ తీర్పు ఎస్‌టీడీ బూతు వరుసలో నిలబడ్డవాడి చెవిని ఆపలేదు కానీ, తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి వేసిన మెట్లలో అదొకటి.

సెల్‌ఫోను వచ్చిన కొత్తలో వచ్చే కాల్‌కు కూడా డబ్బు పోయేది. 2003 మే నుంచి అది ఉచితమైంది. అప్పుడు చాల్‌లో, ఊళ్ళో కూడా కనిపెట్టిన సందేశం మిస్డ్‌కాల్. ఒక్కసారి మోగితే చేరానని, రెండుసార్లు మోగితే తిరిగి చెయ్యమని. పైసా ఖర్చు లేదు, మధ్యలో చదవడానికి అక్షరం లేదు. ఎస్ఎంఎస్ మాత్రం తెలుగుకు అంత కలిసిరాలేదు. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక సందేశంలో 160 పట్టేవి, తెలుగు లిపిలో 70 మాత్రమే. చాలా ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనిపించేది. అమ్మకు కొడుకు పంపిన ఇంగ్లీషు లిపి తెలుగును మళ్ళీ ఎవరో చదివి పెట్టాల్సివచ్చింది. పైగా ఎస్ఎంఎస్ ఫోను కంపెనీ దగ్గర తెరిచిన కార్డే. అది మోసే కంపెనీ దాన్ని చదవగలదు.

తాళం ఎవరి దగ్గర

2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. మెసేజింగ్ చరిత్రలో దీన్ని పెద్ద మలుపుగా ఎవరూ రాయరు. తెలుగు వలస కుటుంబాల చరిత్ర రాస్తే మాత్రం ఇదే అతిపెద్ద మలుపు. రాయడం రానివాళ్ళు, మరాఠీ బడిలో చదివి తెలుగు మాట్లాడగలిగీ రాయలేని చాల్ పిల్లలు, అందరూ మైకు గుర్తు మీద వేలు పెట్టి తమ మాట తామే పంపారు. జనరల్ పోస్టాఫీసు ముందు రాతగాడి దగ్గర కూర్చోవలసిన అవసరం కామాటిపుర స్త్రీకి తీరిపోయింది.

మూడేళ్ళకు, 2016 ఏప్రిల్‌లో, వాట్సాప్ అన్ని సందేశాలకూ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టింది. అంటే పంపేవాడి ఫోనులో తాళం పడుతుంది, అందుకునేవాడి ఫోనులోనే తెరుచుకుంటుంది, మధ్యలో కంపెనీకి తాళంచెవి ఉండదు. ఈ తాళం తయారుచేసింది వాట్సాప్ కాదు. మాక్సీ మార్లిన్‌స్పైక్, ట్రెవర్ పెరిన్ రూపొందించిన సిగ్నల్ ప్రోటోకాల్ అది. మార్లిన్‌స్పైక్ బృందం అదే పద్ధతిలో సిగ్నల్ అనే సొంత యాప్ నడిపింది. 2018లో ఆ బృందం లాభాపేక్ష లేని సిగ్నల్ ఫౌండేషన్‌గా మారింది. వాట్సాప్ స్థాపకుల్లో ఒకడైన బ్రయన్ యాక్టన్, వాట్సాప్‌ను కొన్న ఫేస్‌బుక్‌ను వదిలి వచ్చి, దానికి 5 కోట్ల డాలర్లు పెట్టాడు.

తాళం ఒక్కటే అయినా ఈ రెండింటికీ తేడా ఉంది. అది కామాటిపుర చాలా ముందే నేర్చుకున్న పాఠం దగ్గరే ఉంది: కవరు లోపలిది కనిపించకపోయినా పైనున్న చిరునామా కనిపిస్తుంది. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు మాట్లాడారన్న వివరాలు వాట్సాప్ దగ్గర పోగవుతాయి. 2021 జనవరిలో ఆ కంపెనీ, మాతృసంస్థతో పంచుకునే సమాచారంపై కొత్త షరతులు ఒప్పుకుంటేనే సేవ ఉంటుందని చెప్పినప్పుడు దేశమంతా కలవరపడింది. ఆ వ్యవహారంలోనే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2024 నవంబరులో మాతృసంస్థ మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సిగ్నల్ మాత్రం ఆ పై వివరాలు దాచుకోకుండానే కట్టింది. 2016లో అమెరికా కోర్టు సమాచారం అడిగితే ఆ సంస్థ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి సర్వర్‌కు కలిసిన తేదీ. లేనిదాన్ని ఎవరూ లాక్కోలేరు.

టెలిగ్రాం యాప్‌ను కొందరు రహస్యమైనదనుకొని వాడతారు. దాని మామూలు చాట్‌లకూ గ్రూపులకూ ఎండ్-టు-ఎండ్ తాళం లేదు. విడిగా సీక్రెట్ చాట్ తెరిస్తేనే ఉంటుంది. ప్రతిసారీ గుర్తుపెట్టుకొని వేయాల్సిన తాళం ఊళ్ళో ముసలమ్మకు ఉపయోగపడదు.

ఇక తాళానికి సవాలు ప్రభుత్వం నుంచి వచ్చింది. 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనలు, పెద్ద మెసేజింగ్ సంస్థలు అవసరమైతే ఒక సందేశాన్ని మొదట పంపిందెవరో చెప్పగలగాలన్నాయి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. తాళం పగలగొట్టమంటే దేశం విడిచిపోతామని 2024 ఏప్రిల్‌లో కోర్టులో చెప్పింది. 1986 బిల్లు దగ్గర నడిచిన వాదమే కొత్త చోట మళ్ళీ నడుస్తోంది.

మామూలు ఎస్ఎంఎస్ యాప్‌ను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. బ్యాంకు ఓటీపీ, గ్యాస్ సబ్సిడీ, ఆధార్ సందేశం అన్నీ వచ్చేవి అక్కడికే. ప్రకటనలు లేకుండా శుభ్రంగా ఉండే సింపుల్ ఎస్ఎంఎస్ మెసెంజర్‌ను చాలామంది నమ్మి వాడారు. 2023 చివర్లో అది భాగంగా ఉన్న యాప్‌ల కట్ట జిపోయాప్స్ అనే కంపెనీకి అమ్ముడైంది. దాని మీద పనిచేసిన ప్రోగ్రామర్లు బహిరంగంగా ఉన్న కోడ్‌ను తీసుకొని ఫాసిఫై అన్న పేరుతో వేరుకుంపటి పెట్టారు. నమ్మిన టపావాడు చేతులు మారితే ఏం చేయాలో ఆ ఉదంతం చూపింది. కోడ్ అందరికీ కనిపించేలా ఉంటే ఇంకొకరు అందిపుచ్చుకోగలరు. అనుమతులు ఎడాపెడా అడిగే యాప్‌ల వల్ల ఏం జరుగుతుందో తెలుగు నేల కళ్ళారా చూసింది. 2020 చివర్లో హైదరాబాదులో బయటపడ్డ లోన్ యాప్‌ల వ్యవహారంలో, ఫోనులోని కాంటాక్టులన్నీ లాగేసి బంధువులకు అవమానకరమైన సందేశాలు పంపారు. ప్రాణాలు పోయాయి. రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు ముట్టుకోరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది.

160 చదరపు అడుగుల్లో గోప్యత

ఎంత గట్టి తాళమైనా పక్కన కూర్చున్నవాడి కళ్ళను ఆపదు. చాల్‌లో ఒకే ఖోలీలో ఆరుగురు, ఒకే ఫోను ముగ్గురికి. అక్కడ ఎన్‌క్రిప్షన్‌కంటే ముందు పనికొచ్చేవి చిన్న సదుపాయాలు. తెర మీద సందేశం పైకి కనిపించకుండా నోటిఫికేషన్‌ను మూసేయడం, యాప్‌కు వేలిముద్ర తాళం, గడువు తీరగానే సందేశం మాయమయ్యే ఏర్పాటు. మాయమయ్యే సందేశాలు సిగ్నల్‌లో 2016లో, వాట్సాప్‌లో 2020లో వచ్చాయి. ఒక్కో చాట్‌ను విడిగా దాచే తాళం వాట్సాప్ 2023లో ఇచ్చింది. వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌కు పోతుంటే దానికీ ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే వీలు 2021లో వచ్చింది. కానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి.

కామాటిపుర స్త్రీల విషయంలో ఫోను నంబరే పెద్ద గండం. నంబరు ఒక్కసారి బయటికి పొక్కితే, గ్రూపులో నలుగురికి కనిపిస్తే, ఊరిదాకా దారి దొరికిపోతుంది. 2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఆదేశాలు ఈ సంగతినే గుర్తించాయి. సెక్స్‌వర్కర్ల గుర్తింపును పత్రికలు, టీవీలు బయటపెట్టకూడదని, చిరునామా రుజువు లేకపోయినా అధికారి ధ్రువీకరణతో ఆధార్ ఇవ్వాలని, ఆ కార్డు మీద వాళ్ళ వృత్తిని పట్టించే గుర్తేదీ ఉండకూడదని కోర్టు చెప్పింది. ఆ జాగ్రత్త యాప్‌లకూ ఉండాలి. సిగ్నల్ 2024 ఫిబ్రవరిలో యూజర్‌నేమ్ తెచ్చింది. ఖాతా తెరవడానికి నంబరు కావాలి కానీ, ఎదుటివాళ్ళకు అది కనిపించకుండా మాట్లాడవచ్చు.

బీడీడీ చాల్‌ల స్థానంలో ఇప్పుడు కొత్త భవనాలు లేస్తున్నాయి. వర్లీలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు కొత్త ఇళ్ళ తాళంచెవులు ఇచ్చారు. తలుపు మూసుకొని మాట్లాడగల గది నూరేళ్ళకు దొరికింది. ఫోనులోనూ అలాంటి గది ఉండాలి.

అందుకు కావలసింది పెద్ద సాంకేతిక జ్ఞానం కాదు. ఊరంతా ఉన్నచోటు వాట్సాప్ కాబట్టి పెళ్ళి కబుర్లకు, పండగ ఫొటోలకు అది సరిపోతుంది. బ్యాకప్‌కు తాళం పెట్టుకుంటే మేలు. ఆరోగ్యం, డబ్బు, ఇంటి తగాదా, ఆడపిల్ల కష్టం వంటి మాటలకు సిగ్నల్‌దే మొదటి స్థానం. వాడడం సులువు, ప్రకటనలు లేవు, తాళం దానంతట అదే పడుతుంది, గొంతుతో పంపే వీలూ ఉంది. ఎస్ఎంఎస్‌లకు ఫోనుతో వచ్చిన యాప్‌నో, కోడ్ బహిరంగంగా ఉన్నదాన్నో తప్ప కొత్తగా కనిపించిందల్లా ఎక్కించకూడదు. సిగ్నల్‌కున్న పెద్ద లోటు ఒక్కటే, ఊళ్ళో మనవాళ్ళు అందులో లేకపోవడం. అది మనం తీర్చగల లోటే. ఈసారి దసరాకు ఊరికి వెళ్ళినప్పుడు అమ్మ ఫోనులో దాన్ని ఎక్కించి, మైకు గుర్తు ఎక్కడుందో చూపించి, ఇంకెవరి సాయమూ లేకుండా ఆమె చేతే మొదటి మాట పంపించండి.